అనుమతించిన తేడా

మాట్లాడకుండా కూర్చోమన్నారు. అది ఆమెకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. తాళం తీసి ఇంట్లోకి అడుగుపెట్టినప్పటి నుంచి మళ్ళీ తాళం వేసేదాకా పలకరించే గొంతు లేని మనిషికి, ఆసుపత్రి గది కొత్తగా విధించగల మౌనం ఏముంటుంది? వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు రెండూ నేలకు ఆనాలి, కాలిమీద కాలు వేయరాదు, ఎడమచేయి బల్లమీద గుండె ఎత్తున పరచి ఉంచాలి. గంటసేపు మనసును కూడా అలాగే పరచి ఉంచాలట. చేయి మాట విన్నది. మనసు మాత్రం గది మూలన ఉన్న, మనుషులు ఎక్కి బరువు చూసుకునే యంత్రం దగ్గరికి పోయింది. దాని ముల్లు సున్నా మీద లేదు, వెంట్రుకవాసి పక్కకు నిలిచి ఉంది. లోపలికి వస్తూనే చూసింది. చూడకుండా ఉండటం ఆమె చేతిలో లేదు. ముప్పై ఏళ్ళుగా తూనికలు, కొలతల శాఖలో తనిఖీ అధికారిణిగా ఊరిలోని ప్రతి ముల్లునూ చూస్తూ వచ్చిన కళ్ళు అవి. ఇవాళ ఆ పని తనది కాదని తల తిప్పుకుంటే, గోడకు వేలాడుతున్న రక్తపోటు యంత్రం ఎదురైంది. గాజు గొట్టంలో పాదరసం అడుగున మెరుస్తూ, తన సంగతంతా తెలిసిన పొరుగింటావిడలా, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది.

"కొంచెమే ఎక్కువుందండీ" అన్నది డాక్టరు. పడుచుపిల్ల, మాటలో తొందర లేదు. "నూట ముప్పై ఎనిమిది, కింద ఎనభై ఎనిమిది. రెండుసార్లు చూశాం గదా. మీరు పొద్దుటినుంచీ ఆ కొలత పరికరం పెట్టె మోసుకుని తిరిగారు, అందుకని ఒక గంట కదలకుండా కూర్చోండి, మళ్ళీ చూద్దాం." కొంచెమే! ఈ మాట ఆమె విన్నన్నిసార్లు ఆ డాక్టరు తన పేరు కూడా విని ఉండదు. కొంచెమే గదమ్మా, కాటా పాతదయింది. కొంచెమే గదమ్మా, గాలికి తక్కెడ సిబ్బె ఊగింది. కొంచెమే గదండీ, ఆ మాత్రానికి మా పిల్లల నోట్లో మట్టి కొడతారా. కుంచం అడుగున మైనం పూసినవాడి నోటా అదే, పడికట్టు రాయి అరిగిపోయిందని నిజంగా తెలియని ముసలమ్మ నోటా అదే. దొంగకూ దొరకూ ఉమ్మడి ఆస్తి ఆ మాట. ఆమె ఎవరినీ వదల్లేదు. బజారులో ఆమె నీడ కనబడితే చాలు, 'ముల్లమ్మ వస్తోందిరోయ్' అని ఒక కొట్టునుంచి ఇంకో కొట్టుకు కబురు పాకేది. ఆ పేరు తనకు తెలియదని వాళ్ళనుకునేవారు. తెలిసి, లోలోపల కాస్త మురిసేదని ఎవరికీ తెలియదు. తక్కువ తూచిన చిటికెడు ఒక సంచిలో కనబడదు. రోజుకు వందమంది సంచుల్లోంచి, ఏటికేడాది తీసిన చిటికెళ్ళు ఎవరి ఇల్లు కట్టాయో, ఎవరి కడుపు మాడ్చాయో లెక్క తీస్తే కనబడుతుంది. పెద్ద దొంగను పట్టుకోవడానికి లోకమంతా లేస్తుంది. చిన్నదాన్ని పట్టుకోవడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోవాలి. ఆ మనిషి తను. కాన్వెంటు బడిలో సిస్టర్ గారు చెప్పేవారు, పెద్ద పాపం తనంతట తనే మోకరిస్తుంది, చిన్న పాపమే ఎవరి కంటా పడకుండా బతికి బట్టకడుతుంది అని. అప్పుడు అర్థం కాలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే అర్థమయింది.

మరి రెండేళ్ళుగా ఏం చేసింది? ఆఫీసులో అందరికీ పరీక్షలు చేసిన రోజున మొదటిసారి రక్తపోటు కొంచెం ఎక్కువ చూపించింది. ఆమె తన చేతికి చుట్టిన పట్టీని చూసింది, గొట్టాన్ని వంచి చూసింది. రబ్బరు పగిలి ఉంది. పరీక్ష చేస్తున్న కుర్రాడికి ఆ పగులు చూపించి, ఇలాంటిదాంతో మనుషులను కొలవడం నేరమని చీవాట్లు పెట్టింది. వాడు హడలిపోయాడు. గొట్టం పగిలిన మాట నిజమే. గాలి కారిపోతే లెక్క తేడా వస్తుందన్నదీ నిజమే. ఆ నిజాన్ని గొడుగులా వేసుకుని ఏడాది నడిచింది. ఆ తర్వాత ఈ ఆసుపత్రికే జలుబుకని వస్తే మళ్ళీ అదే అంకె, అటూ ఇటూగా. అప్పుడు పాదరసం సున్నా దగ్గర సరిగా నిలవలేదేమోనని అనుమానించింది. వచ్చేటప్పుడు మెట్లు ఎక్కాను గదా అనుకుంది. పట్టీ చేతికి ఇరుకయిందనుకుంది. ప్రతి కాటాకూ చట్టం కొంత తేడా అనుమతిస్తుంది. కొత్తదానికి ఇంత, వాడుకలో ఉన్నదానికి ఇంత అని. ఆ గీత దాటిన మరుక్షణం, సరైనదని వేసిన ముద్ర చెల్లదు. తన శరీరానికి మాత్రం ఆమె గీతను ఎప్పటికప్పుడు చెరిపి కాస్త అవతల గీసుకుంటూ వచ్చింది. తోడబుట్టినదాని గడపలో ఇవ్వని వెసులుబాటు తనకు తాను ఇచ్చుకుంది. అమ్మో, ఈ మాట ఎక్కడినుంచి వచ్చింది? మాట్లాడవద్దన్నారు గాని తలపుకు రావద్దనలేదు.

పొద్దున ఆ అనుమానం తేల్చుకోవడానికే వచ్చింది. మిగతా యంత్రాలను సరిచూసే శాఖవారి ప్రామాణిక పీడన మాపకాన్ని, మెత్తటి గుడ్డ పరిచిన చెక్కపెట్టెలో చంటిపిల్లలా పెట్టుకుని తెచ్చింది. "చూసుకోండి మేడమ్, మాకూ మంచిదే" అని డాక్టరు నవ్వింది. నర్సు మాత్రం నడుం మీద చెయ్యి వేసుకుని, "ఇన్నేళ్ళలో మా యంత్రానికి జబ్బేమోనని డాక్టరును తీసుకొచ్చిన పేషెంటు మీరే అమ్మా" అన్నది. ఆమె తనే మూడు నోళ్ళ గొట్టం తగిలించి, ఒక నోరు దానికి, ఒక నోరు దీనికి, ఒకటి గాలి కొట్టే బుడ్డికి పెట్టి, పిసికింది. రెండూ కలిసి లేచాయి. ఎక్కడ ఆపితే అక్కడ రెండూ ఆగాయి. పైన, మధ్యన, కింద, మళ్ళీ పైన. ఒక కడుపున పుట్టిన కవలల్లా ఒకే మాట చెప్పాయి. గోడమీది యంత్రంలో తప్పు లేదు. ఇంకెవరైనా అయితే ఊపిరి పీల్చుకునేవారు. ఆమె గొట్టం విప్పి, మాపకాన్ని తిరిగి పెట్టెలో పెట్టింది. సాక్షి అబద్ధం చెప్పడం లేదని తేలాక ముద్దాయి ఎవరో వేరే చెప్పాలా? ఆ తర్వాత నర్సు ఆమె మోచేతి మడతలో రెండు వేళ్ళతో నాడి వెతికింది. వెచ్చటి, గరుకైన వేళ్ళు. అవి ఇంకొంచెంసేపు వెతికితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసి, కిటికీ వైపు చూసింది.

ఇదే కోపానికి సంబంధించినదైతే ఆమెకు బాధ ఉండేది కాదు. ఆఫీసులో అందరూ అదే అంటారు. ఎవడో ముద్ర వేయకుండానే వేసినట్టు రాసుకొస్తే ఆమె గొంతు లేస్తుంది. గది దాటగానే 'మేడమ్‌కి బీపీ లేచింది' అని గుసగుసలు. అన్యాయం మాట అక్కడితో అయిపోతుంది, మిగిలేది ఆమె ఆరోగ్యం. ఆడమనిషి తప్పు పట్టుకుంటే దానికి మందు రాసిపెట్టే లోకం ఇది. అందుకే డాక్టరును సూటిగా అడిగింది, నా కోపం వల్లనా అని. అవును అని చెబితే, న్యాయం కోసం పడ్డ శిక్షగా తలవంచి తీసుకునేది. "కోపానిదేం లేదండీ. నోరెత్తని వాళ్ళకీ వస్తుంది" అని డాక్టరు అనేసింది. "ఇది నొప్పి పెట్టదు, కళ్ళు తిరగవు. అదే చిక్కు. ఇవాళ మీకు జబ్బుందని నేను అనను. కానీ ఈ కొంచెం రోజూ, పగలూ రాత్రీ, నాళాల గోడల మీద పడుతూ ఉంటుంది. గోడలు బిరుసెక్కుతాయి, గుండె కాస్త ఎక్కువ బరువు లాగుతుంది. ఏళ్ళ తరబడి జరిగాక ఒకరోజు బయటపడుతుంది. ఇప్పుడైతే చేతిలో ఉన్న పని." చిటికెడు, వంద సంచులు, ఏటికేడాది. ఆ పిల్ల ఆమె పాఠం ఆమెకే అప్పజెబుతున్నది. "ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని తర్వాత అడిగింది. ఉందో లేదో ఎవరు కొలిచారు?

అమ్మ దర్జీకొట్టు వాళ్ళకు గుండీల కాజాలు కుట్టేది. సాయంత్రమయ్యేసరికి తడిగుడ్డ తలకు బిగించి కట్టుకునేది. ఏమిటమ్మా అంటే, ఏం లేదే, కొంచెం తలభారం అనేది. తలగుడ్డ కట్టిన అమ్మే తనకూ చెల్లెలికీ తెలిసిన అమ్మ. ఒక ఉదయం కిటికీ పక్కన సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుంది. దారం సూది బెజ్జాన్ని దాటి పక్కకు పోయింది. మళ్ళీ పోయింది. అమ్మ వాళ్ళవైపు తిరిగి నవ్వింది, సగం నోటితో. అమ్మ ఎప్పుడూ వేళాకోళం ఆడే మనిషి. పక్కింటి ముసలాయన మూతి వంకర అనుకరించి చూపిస్తూ ఉండేది. అందుకని చెల్లెలు పకపకా నవ్వింది. తనూ నవ్వింది. అమ్మ అలాగే చూస్తూ ఉంది. ఇద్దరు ఆడపిల్లలు, ఒకరి భుజం మీద ఒకరు పడి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. సూది నేలమీద పడిన చప్పుడు వినబడి ఉండదు, సూది పడితే చప్పుడేముంటుంది. కానీ ఆమెకు ఇప్పటికీ వినబడుతుంది. ఆ తర్వాత అమ్మ మంచం మీద బతికిన కాలమంతా వాళ్ళిద్దరూ చేతులు మార్చుకుంటూ చేశారు, ఒకరు ఎత్తితే ఒకరు పక్క మార్చారు. ఆ నవ్వు గురించి మాత్రం ఒకరితో ఒకరు ఒక్కసారీ అనుకోలేదు. లోకంలో ఆ నవ్వు విన్నవాళ్ళు ముగ్గురే. ఒకరు పోయారు. మిగిలిన ఇద్దరికీ మాటల్లేవు.

అమ్మ సంగతి విని, "తోబుట్టువులుంటే వాళ్ళనీ వెంటనే చూపించుకోమనండి" అన్నది డాక్టరు. "అమ్మగారికి అంత చిన్న వయసులోనే పక్షవాతమంటే, మీరంతా జాగ్రత్తగా ఉండాల్సినవాళ్ళే. వాళ్ళకీ మీలాగే తెలియకపోవచ్చు." ఉంది, ఒక చెల్లెలు, అని ఆమె అన్నది, ఆ మూడు మాటలు పెదవి దాటడానికి ఎంత బరువు లాగవలసి వచ్చిందో గోడమీది పాదరసానికే తెలియాలి. చెల్లెలి భర్తది ఇనుప సామాన్ల కొట్టు. మేకులు, సీలలు, గొళ్ళేలు తూచి అమ్ముతాడు. ఆ వీధి తనిఖీ ఆ ఏడు ఆమె వంతుకు వచ్చింది. ఇంకొకరిని పంపమని అడగవచ్చు. అడిగితే ఏమవుతుంది, బంధువుల కొట్టని తప్పించుకుందంటారు, వెళ్ళింది. కాటా తక్కువ చూపించింది, అనుమతించిన గీతకు కాస్త అవతల. మరిది మంచివాడే, మోసగాడు కాదు. బద్ధకస్తుడు, ముద్ర గడువు దాటినా పట్టించుకోలేదు. "వదినా, కొంచెమే గదా! మేకులు వండుకు తినేవాళ్ళెవరున్నారు చెప్పండి" అని నవ్వుతూ చేతులు జోడించాడు. కొట్టునిండా జనం. ఎదురుకొట్టువాడు, పోయిన వారమే తేడా ఉందని ఆమె చేత కాటాకు సీలు వేయించుకున్నవాడు, గుమ్మంలో నిలబడి ఏం జరుగుతుందా అని చూస్తున్నాడు. ఆమె కాటాను ఇక వాడకుండా సీలు వేసింది. లక్క కరుగుతుండగా లోపలినుంచి చెల్లెలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. విధిలో ఉండగా ఎవరి కొట్టులోనూ ఏమీ పుచ్చుకోకపోవడం ఆమె నియమం. వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. చెల్లెలు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడి, అందరూ వినేటట్టు, "నీళ్ళు కూడా లంచమేనా అక్కా?" అన్నది.

ఆరేళ్ళయింది. సీలు వేయడం తప్పు కాదు. వెయ్యిసార్లు ఆలోచించినా, అదే కొట్టు, అదే జనం, అదే తేడా అయితే మళ్ళీ వేస్తుంది. అక్కడ వదిలేస్తే ఎదురుకొట్టువాడి మొహం ఏ మొహంతో చూసేది? మరిదికి ఒక చట్టం, మిగతావాళ్ళకొక చట్టమా? ధర్మం తన పక్షాన ఉంది, ఇవాళ్టికీ ఉంది. కాకపోతే జ్వరం వచ్చిన నుదుటి మీద చెయ్యి వేయడం ధర్మానికి తెలియదు. పెళ్ళి అనే మాట ఆమె జీవితంలోకి రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ చెప్పులు విడవకుండానే వెళ్ళిపోయింది. మిగిలినదల్లా చెల్లెలి ఇల్లు. సెలవురోజున వెళితే వంటింటి గట్టుమీద కూర్చుని, అది కూర తరుగుతుంటే తను కబుర్లు చెప్పేది. అవును, ఆమె కబుర్లు చెప్పేది, ఎవరూ నమ్మరు గాని చెప్పేది, మైనం పూసిన కుంచాల కథలు చెప్పి నవ్వించేది. ఇప్పుడు సెలవురోజున బట్టలు ఉతుక్కుంటుంది, మంచినీళ్ళ కుండ తోముకుంటుంది, సాయంత్రం ఒక్కదానికే కాబట్టి పచ్చడితో సరిపెట్టుకుంటుంది, ఉప్పు కాస్త ఎక్కువగానే. గ్లాసు అందుకుని బల్లమీద పెట్టవచ్చు గదా. తాగనక్కరలేదు. అందుకుని పెట్టవచ్చు. చట్టంలో ఎక్కడా లేదు, అందుకోకూడదని. సీలు చట్టం వేసింది. చెయ్యి అడ్డం పెట్టింది మాత్రం తనే. ఈ సంగతి ఇంతకాలం తట్టలేదా, తట్టినా దానికీ కొంచెం తేడా అనుమతించి పక్కన పెట్టిందా? ఇవాళ, ఈ కుర్చీలో, చేయి పరచుకుని కూర్చున్నప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ తట్టేది కాదేమో. చెల్లెలు ఇప్పుడు ఏం చేస్తూ ఉంటుంది? దానికీ సాయంత్రాలు తలభారంగా ఉంటుందా? గుడ్డ కట్టుకుంటుందా? ఎవరైనా కొలిచారా? సూదిలో దారం...

"గంటయిందమ్మా" అంటూ నర్సు వచ్చింది. పట్టీ చుట్టింది. గాలి నిండుతుంటే చేయి బిగిసింది, పాదరసం నిటారుగా ఎక్కి, ఆగి, దిగడం మొదలుపెట్టింది. ఎక్కడ మొదటి చప్పుడు వినబడిందో నర్సు కళ్ళలో ఆమె ముందే చదివేసింది. "చెప్పమ్మా, మా యంత్రం తప్పా?" అని నర్సు నవ్వింది. "కాదు" అన్నది ఆమె, "తప్పు కాదు." అదే అంకె, ఒక గీత ఎక్కువే తప్ప తక్కువ కాదు. డాక్టరు చెప్పవలసినవి చెప్పింది. వారంపాటు ఇంటిదగ్గర పొద్దునా సాయంత్రం చూసుకోవాలి, ఉప్పు సగానికి సగం తగ్గించాలి, నడవాలి. అప్పటికీ దిగకపోతే మాత్ర సంగతి ఆలోచిద్దాం అన్నది. ఆమె అన్నిటికీ తల ఊపి, పెట్టె తీసుకుని, వసారాలోకి వచ్చి, ఖాళీ బల్లమీద కూర్చుని ఫోను తీసింది. చెల్లెలి నెంబరు ఎప్పుడో మారిపోయిందట. తన దగ్గర ఉన్నది కొట్టు నెంబరే.

"ఎవరండీ?" అన్నాడు మరిది. చెప్పింది. వెనక ఇనుము గలగలలు వినబడుతున్నాయి. "వదినా! మీరా? మా కాటాకి ఏటేటా ముద్ర వేయిస్తున్నాం వదినా, మీ పుణ్యమా అని. గడువు ఇంకా దాటలేదు, కావాలంటే వచ్చి చూసుకోండి" అన్నాడు. ఎగతాళి ఉంది, కానీ వదినా అన్న పిలుపు పోలేదు. చెల్లెలిని పిలవమన్నది. అది వచ్చింది. "ఏమయింది? ఎవరికేమయింది?" అన్నది వస్తూనే.

"ఎవరికీ ఏం కాలేదే. నాకు రక్తపోటు కొంచెం ఎక్కువుందన్నారు. అమ్మకు అలా అయింది గదా. నువ్వు కూడా వెంటనే చూపించుకోవాలి. ఆలస్యం చెయ్యకు."

"నాకు మూడేళ్ళయి ఉందక్కా. మాత్రలు వేసుకుంటున్నాను."

మూడేళ్ళు. తను గొట్టంలో పగులు వెతకడానికి ఏడాది ముందే, అది ఒక్కతే వెళ్ళి చేయి చాపింది. "నాకు చెప్పలేదేం?" అని ఆమె అడిగింది, గొంతు అలవాటుగా లేచింది.

"చెబితే ఏం చేస్తావు?" అన్నది చెల్లెలు, కోపం లేకుండా, ఏదో సరుకు ధర చెబుతున్నట్టు. "ముందు తప్పెవరిదని అడుగుతావు. ఉప్పు ఎందుకు తిన్నావు, ముందే ఎందుకు చూపించుకోలేదు అని. అదంతా తేలాక గదా ఎలా ఉన్నావని అడుగుతావు. అందాకా నిలబడే ఓపిక లేకపోయిందక్కా నాకు."

ఆమె దగ్గర జవాబు ఉంది. ఎప్పుడూ ఉంటుంది. ఆరేళ్ళుగా పదును పెట్టుకున్న వాదం, సాక్ష్యాలతో సహా, నాలుక చివర సిద్ధంగా నిలబడి ఉంది. వసారాలో ఎవరో దూరంగా తలుపు వేశారు. ఫోనులో ఎవరో పిడికెడు మేకులు సిబ్బెలో పోస్తున్నారు, ఇంకొన్ని వెయ్యమంటున్నారు. ఆమె ఆ జవాబును మింగేసింది. అది దిగడానికి సమయం పట్టింది.

"ఎలా ఉన్నావే?" అని అడిగింది.

చెల్లెలు ఏడవలేదు; ఏడ్చే మనిషి కాదు, ఒక తల్లి బిడ్డలే. "కొట్టులో జనం ఉన్నారక్కా" అన్నది. "ఇది నిలబడి చెప్పే మాట కాదు. సాయంత్రం చేస్తాను. ఎత్తుతావా?"

"ఎత్తుతాను."

ఫోను ఒళ్ళో పెట్టుకుని ఆమె అలాగే కూర్చుంది, పాదాలు రెండూ నేలకు ఆనించి. వసారా అంచున ఎండ నిలువునా పడుతూ ఉంది. సాయంత్రానికి ఇంకా చాలా పొద్దుంది.